కదలకూడని మీటరు

షెడ్డు మీది గది,
ఆదివారం

బావకి నమస్కారం.

ఫోను చేస్తే నువ్వు "ఆ", "ఊ", "సరే" తప్ప నాలుగో మాట అనవు. ఆపైన ఫోను అక్క చేతికిచ్చి పోతావు. అక్కేమో, "బండి సంగతులు నాకేం తెలుస్తాయిరా? ఉత్తరం రాయి. కాగితం మీదైతే మీ బావ కాస్త నోరు విప్పుతాడు" అంది. అందుకని రాస్తున్నాను.

ఇక్కడి సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం చెబుతాను. నేను డ్రైవరుగా పనిచేసిన పెద్దాయన పోయాక ఇంటికి తాళం పడింది. ఆయన కూతురు పెద్దమ్మాయిగారికీ, కొడుకు చిన్నబాబుగారికీ ఇంటి మీద, తోట మీద, ఆఖరికి గోడ గడియారం మీద కూడా తగాదానే. కారు మీద మరీను. ఆయన వెనక సీట్లో కూర్చుని తిరిగిన కారు కదా, అది ఎవరి గుమ్మం ముందుంటే వాళ్లే ఆయన వారసులని నలుగురూ అనుకుంటారని ఇద్దరికీ గుబులు. అందుకని కోర్టు తేల్చేదాకా తాళంచెవి నా దగ్గర ఉండాలన్నారు. ఆ ఒక్క మాట మీద మాత్రం కలిసి కాగితం రాయించి నాచేత సంతకం పెట్టించారు. కారు పాడవకూడదు. మీటరు కదలకూడదు. అప్పగించే రోజున ఇద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలి. ఒక్కరికిస్తే చెల్లదు.

మీటరుకి ఇద్దరూ ఎవరి ఫోటో వాళ్లు తీసుకున్నారు. ఒక్క కిలోమీటరు పెరిగినా నేను అవతలివాళ్లకి అమ్ముడుపోయినట్టే లెక్క.

ఇల్లు మూశాక వెనకవైపు పంపు కూడా కట్టేశారు. ఉన్నది షెడ్డు, దాని మీద ఈ గది. కిటికీ తెరిస్తే కనిపించేది కారు పైకప్పే. మా ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుని, "పద, మీ అక్క వాళ్ల ఊరు పోదాం, మీ బావ ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు" అంది. ఇంకో నెలా రెణ్నెల్లలో తేలిపోతుందన్నాను. "అయితే నీ కారుతో నువ్వు కాపురం చెయ్యి" అని మూట కట్టుకుని మీ దగ్గరికొచ్చేసింది. ఆ రెణ్నెల్లూ అయిపోయి చాలా రోజులైంది.

కారుకి మాత్రం నేను లోటు చేయడం లేదు. రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ స్టార్ట్ చేస్తాను, మొహం కడుక్కునేలోపు ఆపేస్తాను. పెద్దాయన ఉన్నప్పటి అలవాటే. ఆ చప్పుడు వింటే నాకింకా ఉద్యోగం ఉన్నట్టుంటుంది. అయినా మొన్న బ్యాటరీ నీరసపడింది. సీట్ల తోలు బిరుసెక్కుతోంది. ఇంత ఖరీదైన బండి ఊరికే నిలబడితే ఏమేం పాడవుతాయో, నేనేం చేయాలో వివరంగా రాయి.

ఇంకో మాట. నవ్వకు. వెనక్కి నడిపితే మీటరు వెనక్కి తిరుగుతుందా?

మా ఆవిడ నా గురించి ఏమైనా అడిగిందా?

నీ బావమరిది


వర్క్‌షాపు,
బుధవారం

బావమరిదికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

మీటర్లు వెనక్కి తిరిగే కాలం పోయింది. నేను నవ్వలేదు. మీ అక్క నవ్వింది.

పొద్దున్నే స్టార్ట్ చేయడం ఈరోజే మానెయ్. మంచి చేస్తున్నాననుకుంటున్నావు, చెడు చేస్తున్నావు. ఇంజిన్ మండినప్పుడల్లా కాస్త నీటి ఆవిరి పుడుతుంది. బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపితే లోపలే చెమ్మగా మిగిలి ఆయిల్లో కలుస్తుంది. రోజూ కాస్త, రోజూ కాస్త. బ్యాటరీ నీరసానికీ అదే కారణం. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు మొహం కడుక్కునేలోపు తిరిగి రాదు.

నడిపితే పూర్తిగా నడపాలి. ఊరు దాటించి, ఇంజిన్ కాగి, వెనక్కి వచ్చేదాకా. అది కుదరదంటే అసలు ముట్టుకోకూడదు. మధ్యరకం పనికిరాదు.

బ్యాటరీ డిక్కీలో అడుగున ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద ఇటుకలు వేసి, తర్వాత మైనస్ వైరు విప్పు. విప్పాక డిక్కీ మూయకు. కరెంటు లేకపోతే అది మళ్లీ తెరుచుకోదు. ఒక ఓనరు అలా మూసేసి, తన డిక్కీలోకి తానే వెనక సీటు విప్పుకుని దొంగలా దూరాడు. లావుపాటి మనిషి. మేం కాళ్లు పట్టి లాగాం.

టైర్లలో గాలి మామూలుకన్నా కాస్త ఎక్కువ పెట్టు. వారానికోసారి ఎవరినైనా సాయం పిలిచి బండిని జానెడు ముందుకు, జానెడు వెనక్కి తొయ్యి. లేకపోతే నేలకానిన చోట టైరు చదునైపోతుంది. జానెడుకి ఏ మీటరూ కదలదు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచకు, పట్టేస్తుంది.

సీట్ల గురించి చెల్లెమ్మ చెప్పమంది. వంటనూనె గింటనూనె రాయొద్దట. తడిగుడ్డ గట్టిగా పిండి తుడిచి, ఆరాక తోలు క్రీము పలచగా రాయాలట. కుట్ల మీద రుద్దకూడదట. ఇంకేం చెప్పమనలేదు. నా షెడ్డులో ఓ మూల మిషను వేసుకుని సీటు కవర్లు కుడుతోంది. పని బాగుంది.

బండ్లు ఎక్కించి కిందనుంచి చూసే రాంపు రెండోది కట్టించాను. బండి నడిపి చూసి, రోగమేంటో చెప్పే మనిషి కావాలి. ఎప్పుడొస్తావు?

బావ


షెడ్డు మీది గది,
వాన తెరిపివ్వని రోజు

బావా,

నువ్వు చెప్పినవి చేశాను. తోలు మెత్తబడింది. మా ఆవిడకి చెప్పు. చేతిపని తెలిసిన మనిషి మాట వేరు అన్నానని చెప్పు.

ఇప్పుడు కొత్త బాధలు వచ్చిపడ్డాయి. డ్రైవరు సీటు కింద చాప తడిగా ఉంటోంది. షెడ్డు కప్పు ఓ చోట కారుతోంది, సరిగ్గా కారు నెత్తిన. అద్దాలన్నీ మూసే ఉన్నాయి, నీళ్లు ఎట్నుంచి వస్తున్నాయో అంతుబట్టడం లేదు. రెండోది, కారు కూర్చుంటోంది. నిజంగానే బావా. గాలితో పనిచేసే స్ప్రింగులు కదా, వెనకవైపు రోజురోజుకీ కిందికి దిగుతోంది. సాయంత్రం చూస్తే మోకాళ్లు మడుచుకున్న ఏనుగులా ఉంటుంది. మూడోది ఎలుక. బానెట్ కింద గుడ్డ పీలికలతో పక్క వేసుకుంది. ఈ ఆవరణలో కాపురం కుదిరింది దానికొక్కదానికే.

ఎదురింటి కాపలావాడు పెద్దమ్మాయిగారి మనిషి. వీధి మలుపులో ఇస్త్రీ బండివాడు చిన్నబాబుగారి మనిషి. నాకు మొదట్లో తెలియదు. మొన్న కూరగాయలకి పోయి, తిరుగుదారిలో ఎండ ఉందని చెట్టుకింద కాసేపు కూర్చున్నాను. గదికొచ్చేసరికి ఫోను.

"ఎక్కడికెళ్లావు? వాడింటికేనా?" అంది పెద్దమ్మాయిగారు.

"కూరగాయలకండీ."

"పావుకిలో వంకాయలకి ఇంతసేపా?"

ఆవిడ పెట్టేసిందో లేదో, చిన్నబాబుగారి ఫోను. "ఏమయ్యా, మా అక్క ఏమంటోంది?"

"వంకాయలు అంటున్నారండీ" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

సెలవడిగాను బావా. దాచడమెందుకు, నాలుగు రోజులు సెలవిస్తే మా ఆవిడని చూసొస్తానన్నాను. పెద్దమ్మాయిగారు, "నాదేముంది, వాణ్ణడుగు" అంది. ఆయన, "మా అక్క ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు, రాసిమ్మను" అన్నాడు. ఆవిడ, "నేనెందుకు ముందు రాసివ్వాలి?" అంది. అక్కడితో నా సెలవు కూడా తగాదాలో కలిసిపోయింది. ఇద్దరూ వేరువేరుగా ఒకే మాట అన్నారు: "నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే కదా మేం నిద్రపోతున్నాం." వాళ్లు నిద్రపోతున్నారు. మంచిదే.

కోర్టులో వాయిదా పడింది. మళ్లీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పడం లేదు.

మా ఆవిడ ఫోను ఎత్తదు. అక్కకి చేస్తే పక్కనే మిషను చప్పుడు వినిపిస్తుంది. నా గొంతు వినగానే ఆ చప్పుడు ఆగుతుంది. మాట్లాడమంటే మళ్లీ మొదలవుతుంది.

నీ బావమరిది


వర్క్‌షాపు,
శుక్రవారం

బావమరిదికి,

నీళ్లు సన్‌రూఫ్ నుంచి వస్తున్నాయి. దాని నాలుగు మూలలా సన్నటి గొట్టాలుంటాయి. పైన పడ్డ నీళ్లు వాటిగుండా కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము పడి అవి మూసుకుంటాయి. అప్పుడు నీళ్లు లోపలికి దిగుతాయి. బ్యాటరీ వైరు కాసేపు తగిలించి సన్‌రూఫ్ తెరిచి, మూలల్లో మెత్తటి ప్లాస్టిక్ తీగ నెమ్మదిగా దూర్చు. ఇనపతీగ వద్దు, గొట్టం చిరుగుతుంది. గాలి గట్టిగా కొట్టకు, లోపల ఊడిపోతుంది. తర్వాత గ్లాసుడు నీళ్లు పోసి కారు కింద కారుతున్నాయో లేదో చూడు. చాప లేపి ఆరబెట్టు. ఇలాంటి కార్లలో చాప కిందే వైర్ల ముడులుంటాయి. అవి తడిస్తే బండికి పిచ్చెక్కినట్టే. తలుపు తీస్తే వైపర్లు ఆడతాయి.

వెనక భాగం దిగడం సహజం. గాలి సంచుల్లో గాలి మెల్లగా పోతుంది. ఆ దిగిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకు. ఏదైనా చూడాలంటే బండి బరువు మోసే ఇనప స్టాండ్లు పెట్టాకే. ఇది మర్చిపోకు.

ఎలుక పక్క తీసి పారెయ్. వైర్లు కొరికిందేమో వెలుతురులో చూడు.

ఒక పని చెయ్యి. బానెట్ ఎత్తి, ఇంజిన్‌లో ఆయిల్ పోసే మూత తిప్పి, మూత లోపలివైపు ఎలా ఉందో రాయి. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో నీటిమట్టం తగ్గిందేమో కూడా చూడు. పొద్దున్న స్టార్ట్ చేయడం ఎప్పుడు ఆపావో నువ్వు రాయలేదు. ఆపి ఉంటే చివరిసారి చప్పుడు ఎలా ఉండిందో గుర్తు తెచ్చుకుని రాయి. టకటకా, గరగరా, ఏదైనా. ఉన్నదున్నట్టు రాయి.

నీ మాట చెల్లెమ్మకి చెప్పాను. విని, దారం తెంపి, ఇంకో కవరు తీసుకుంది.

బావ

ఒరే తమ్ముడూ, నేను అక్కని. ఆయన కవరు అంటించమని నాకిచ్చి పోయారు. అందుకని అడుగున రాస్తున్నాను. నేను రాశానని తెలియనివ్వకు. మీ బావకి చెవులు పోతున్నాయిరా. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది సగం. ఫోనులో మాట్లాడకపోవడం బిడియం కాదు, వినపడక. ఇంజిన్ మీద స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెడతారు, అందరూ ఆ విద్య చూసి అబ్బురపడతారు, ఆయనకి మాత్రం ఏమీ వినపడదు. మూల కూర్చున్న మీ ఆవిడ మిషను ఆపి వింటుంది. వింటూ చేత్తో చెబుతుంది. కొట్టుకుంటుంటే వేలితో చెక్క మీద తడుతుంది, గీరుకుంటుంటే గుడ్డ మీద గోరు గీస్తుంది. ఆయన అటు చూసి ఓనరుకి రోగం చెబుతారు. పాపం దానికి ఊపిరాడదు. బజారుకి వెళ్లాలన్నా బండ్లు లేని వేళ చూసుకుని వెళుతుంది. వాళ్లిద్దరూ దీని గురించి ఒక్కరోజూ మాట్లాడుకోలేదు. నువ్వు రావాలిరా. రమ్మని ఆయన అడగరు. అది అసలే అడగదు.


షెడ్డు మీది గది,
సోమవారం

బావా,

మూత తీశాను. లోపలంతా మజ్జిగ మీద తేలిన వెన్నలా తెల్లగా, జిగటగా ఉంది. వేలితో తీస్తే పేరుకుని వచ్చింది. కూలెంట్ మాత్రం గీత దగ్గరే ఉంది, తగ్గలేదు.

నేను ఆపలేదు బావా. నువ్వు వద్దని రాశాక రెండు రోజులు మానేశాను. మూడో రోజు పొద్దున్న ఎదురింటి కాపలావాడు గేటు దగ్గరికొచ్చి, "ఏమన్నా, కారు చప్పుడు లేదు, ఉన్నావా పోయావా?" అన్నాడు. బ్యాటరీ వైరు తగిలించి మళ్లీ మొదలుపెట్టాను. ఆ చప్పుడు లేకపోతే నేను మనిషినా, షెడ్డుకి కొట్టిన మేకునా అనిపించేది. ఇప్పుడు చప్పుడు ఎలా ఉందో అడిగావు. పొద్దున్న పైభాగంలో టకటకమంటోంది, కాసేపటికి సర్దుకుంటోంది. ఇదివరకు ఉండేది కాదు.

నేను ఎవరికి చెప్పాలి? పెద్దమ్మాయిగారికి చెబితే తమ్ముడే చేయించాడంటుంది. ఆయనకి చెబితే అక్క పని అంటాడు. ఇద్దరూ కలిసి అనేది ఒక్కటే: పాడు చేసినవాడు బాగు చేసేదాకా కదలకూడదు. పోతే దొంగని. ఉంటే, ఇదిగో, ఇది.

నిన్న తాళంచెవి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. దిగి గేటు బార్లా తీశాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను. కాపలావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇస్త్రీవాడు పెట్టె పక్కన పెట్టాడు. దిగి వెళ్లి గేటు మూశాను. గేటు కీచుమంటోంది, కందెన వేస్తున్నట్టు కాసేపు నటించాను.

మీ వర్క్‌షాపు సంగతులు నువ్వు ఏమీ రాయవు. నీ ఒంట్లో ఎలా ఉంది? అంతా బాగేనా? ఊరికే అడుగుతున్నాను.

నీ బావమరిది


వర్క్‌షాపు,
గురువారం

బావమరిదికి,

మీ అక్క అడుగున రాసిందని నీ ఉత్తరం ఆఖరి నాలుగు ముక్కలు చూడగానే తెలిసింది. నువ్వు నా ఒంటి గురించి ఎప్పుడూ అడగవు. రాసింది నిజమే. దాని గురించి ఇక అడగకు.

ముందు బండి. కూలెంట్ తగ్గలేదంటే ఇంజిన్ లోపల పగుళ్లేమీ లేవు. ఆ తెలుపు నువ్వు రోజూ చేర్చిన చెమ్మే. పాత ఆయిల్ మొత్తం దించెయ్, ఫిల్టరు మార్చు, కారు పుస్తకంలో రాసిన రకమే కొత్తది పొయ్యి. తర్వాత ఒకసారి ఊరి బయటికి తీసుకెళ్లి, బాగా కాగేదాకా నడిపి తీసుకురా. ఆ ఆయిల్ కూడా మార్చు. టకటక పోవచ్చు. లోపల ఏమైనా అరిగిందేమో విప్పితేగానీ ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

మీటరు పెరుగుతుంది. పెరగనీ. పెరగకుండా ఈ పని లేదు.

ఆ తర్వాత బండిని పడుకోబెట్టు. ట్యాంకు నిండా పెట్రోలు పొయ్యి, ఖాళీ ఉంటే చెమ్మ చేరుతుంది. బ్యాటరీ తీసి పొడిచోట పెట్టు. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కు, ఎలుక దూరదు. నాలుగు పక్కలా జాకీతో లేపి, పుస్తకంలో చూపిన చోట స్టాండ్ల మీద నిలబెట్టు. చక్రాలు విప్పి నీడలో పడుకోబెట్టు. ఏమేం చేశావో కాగితం మీద రాసి స్టీరింగుకి అంటించు. అలా పడుకోబెట్టిన బండికి రోజూ మనిషి అక్కర్లేదు.

ఇక రెండో సంగతి. నేను ఇలాంటివి రాసే మనిషిని కాను. రాస్తున్నాను. ఆ కాగితం నిన్ను కట్టేసిందంటున్నావు. నాకు అలా కనిపించడం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు గొప్పింటివాళ్లు నిన్నొక్కణ్ణే నమ్ముతున్నారు. అది నీకు తీపిగా ఉంది. ఆ తీపి కోసం పెళ్లాన్ని నా షెడ్డు మూలలో కూర్చోబెట్టావు. ఆ నమ్మకం వాళ్లకి ఊరికే వచ్చింది. దాని ఖరీదు చెల్లిస్తున్నది ఆమె. మా ఇంట్లో ఎవరూ తక్కువగా చూడడం లేదు. అయినా మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గుమ్మం వైపు తిరిగి కూర్చుంటుంది. ఎందుకని నేనూ మీ అక్కా ఎప్పుడూ అడగలేదు.

బావ


షెడ్డు మీది గది

బావా,

ఉత్తరం అందింది. నువ్వు బండ్ల గురించి రాయి. చాలు.


వర్క్‌షాపు

సరే. ఆయిల్ దించేటప్పుడు కింది బోల్టు వాషరు కొత్తది వెయ్యి. పాతది వేస్తే కారుతుంది.

బావ


బస్టాండు,
ఆదివారం మధ్యాహ్నం

బావకి నమస్కారం.

బస్సుకి ఇంకా వేళుంది. ఈ ఉత్తరం నాకన్నా ముందు చేరదు, నాకు తెలుసు. నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నోటితో చెబితే నువ్వు పెదాలు చూస్తూ కష్టపడాలి, నేను మధ్యలో తడబడతాను. కాగితం మీదైతే ఇద్దరికీ సుఖం.

నీ మీద చాలా రోజులు కోపంగా ఉన్నాను. ఆయిల్ మార్చింది కూడా ఆ కోపంతోనే. కొత్త వాషరే వేశాను. మర్నాడు పొద్దున్న గేటు బార్లా తీసి, కాపలావాడి ముందే, ఇస్త్రీవాడి ముందే, కారు బయటికి తీశాను. కాపలావాడు "అన్నా, అన్నా" అంటూ చెప్పుల్లేకుండా వెంట పరుగెత్తాడు. అద్దం దించి, "మీ అమ్మగారికి చెప్పు, ఇంజిన్ కాచుకొస్తున్నాను" అన్నాను. పెద్దరోడ్డు ఎక్కించాను. తర్వాత బండి తన పని తానే చూసుకుంది. వెనకవైపు తనంతట తాను లేచింది. టకటక తగ్గింది, తగ్గింది, ఎక్కడో టోలుగేటు దాటాక పూర్తిగా పోయింది. మీటరు తిరుగుతుంటే చూడడం మానేశాను. మీ ఊరి దారి చీలిన చోట ఎడమవైపు బోర్డు కనిపించింది. అక్కడ కాసేపు ఆపాను. అబద్ధమెందుకు, ఇంజిన్ ఆపకుండానే ఆపాను. కారు నాది కాదు. వెనక్కి తిప్పాను.

తిప్పి వస్తుంటే నీ మాటలే చెవిలో తిరిగాయి. తీపి అన్నావు. అవును బావా, తీపే. ఇద్దరూ విడివిడిగా ఫోను చేసి "నువ్వు తప్ప మాకెవరున్నారు" అంటుంటే పెద్దాయన కుర్చీలో కూర్చున్నట్టే ఉండేది.

ఇంటికొచ్చి మళ్లీ ఆయిల్ మార్చి, నువ్వు రాసినట్టే పడుకోబెట్టాను. వీధి చివర గరాజువాళ్ల దగ్గర స్టాండ్లు తెచ్చాను. చక్రాలు విప్పి నీడలో పెడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇది నువ్వు చెప్పింది కాదు, నా బుర్రలోదే. బండిని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారనే కదా నన్ను కాపలా పెట్టింది? ట్రాలీ మాట్లాడి ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం పెద్దమ్మాయిగారింటికి పంపాను. ఒక ముందుది, ఒక వెనకది చిన్నబాబుగారింటికి పంపాను. ఇక ఒకరు లేకుండా ఇంకొకరు బండి కదపలేరు. కారు మీటరు ఎంత పెరిగిందో, ఏం జరిగిందో, నేను పని మానుకుని పోతున్నాననీ రాసి రెండు చోట్లకీ ఒకే ఉత్తరం జత చేశాను.

ఈరోజు పొద్దున్న ఇద్దరూ వచ్చారు. రెండు కార్లలో, ఒకరి వెనక ఒకరు. పెద్దాయన పోయాక ఇద్దర్నీ ఒకే గేటులో చూడడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ కలిసి రమ్మంటే రానివాళ్లు నన్ను తిట్టడానికి కలిసి వచ్చారు.

"నాకు అరిగిన చక్రాలు పంపి, వాడికి మంచివి పంపావా?" అంది పెద్దమ్మాయిగారు కారు దిగుతూనే.

"లేదమ్మా. ఒక ముందుది, ఒక వెనకది. ఆయనకీ అంతే."

"నీవి ఏ పక్కవి?" అని ఆవిడ తమ్ముణ్ణి అడిగింది. ఆయన ఠక్కున, "కుడిపక్కవి" అన్నాడు. అన్నాక, అక్కతో మాట్లాడానని గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాడు.

తర్వాత నా మీద పడ్డారు. మీటరు ఎందుకు కదిలిందన్నారు. చెప్పాను. రోజూ స్టార్ట్ చేసి చెమ్మ చేర్చింది నేనే, దాన్ని పోగొట్టడానికే నడిపాను, లోపల అరిగిందో లేదో విప్పితేగానీ తెలియదు అన్నాను. చిన్నబాబుగారు, "పాడు చేసింది చాలక పోతానంటావా?" అన్నాడు. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. స్టీరింగు మీది కాగితం చదివింది. "ఇంత శ్రద్ధగా చూసేవాణ్ణి ఇంకెక్కడ వెతుకుతాం? వీడే ఉండాలి" అంది. ఆయన, "అవును, వీడే ఉండాలి" అన్నాడు. ఆ మాట మీద ఇద్దరూ ఒకటయ్యారు బావా.

ఆవిడ గొంతు తగ్గించి, "నాన్న నిన్ను కొడుకులా చూశాడు కదయ్యా" అంది. ఇదివరకైతే ఆ ఒక్క మాటకి ఇంకో ఏడాది ఉండేవాణ్ణి.

"కొడుకుని కాదమ్మా, డ్రైవర్ని. చక్రాల్లేని బండికి డ్రైవరెందుకు?" అన్నాను.

"సంతకం పెట్టావు, గుర్తుందా?" అన్నాడు ఆయన.

"ఉందండీ. మీరిద్దరూ కలిసి వచ్చినప్పుడు అప్పగించాలని ఉంది. ఇద్దరూ వచ్చారు. అప్పగిస్తున్నాను."

తాళంచెవి ఎవరి చేతికివ్వను? ఆవిడ చెయ్యి చాపలేదు, ఆయనా చాపలేదు. ఇద్దరికీ మధ్య కారు పైకప్పు మీద పెట్టాను. సంచి భుజాన వేసుకుని నడిచాను. గేటు దగ్గర ఒకసారి తిరిగి చూశాను. తాళంచెవి అలాగే ఉంది, చెరో పక్క ఇద్దరూ నిలబడి దాన్నే చూస్తున్నారు. ఎవరు ముందు ముట్టుకుంటారోనని. పాపం అనిపించింది. ఆగితే మళ్లీ నేనే వెళ్లి తీసిస్తానని, ఆగలేదు.

అందినట్టు నాకు వాళ్లెవరూ సంతకం పెట్టివ్వలేదు. రేపు ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే రానీ. కారు షెడ్డులో ఉంది, చక్రాలు వాళ్లిళ్లల్లో ఉన్నాయి. నేను ఎత్తుకెళ్లింది ఈ సంచీ, ఒక తోలు క్రీము సీసా. అది మిగిలింది, తెస్తున్నాను.

బస్సు వచ్చింది. వర్క్‌షాపుకి సరిగ్గా మీ మధ్యాహ్నం అన్నం వేళకి చేరను, రేపు పొద్దునవుతుంది. మా ఆవిడకి ముందుగా ఎవరూ చెప్పలేదు కదా, నేను గుమ్మంలో నిలబడగానే తిట్టనీ. ఎన్నాళ్లుగానో దాచుకున్న కోపం, ఒక్క పూటలో అవదు. అది మొత్తం అయ్యేదాకా నీ బండ్లని బయటే ఆపు బావా. ముందు దాని మాట వింటాను. ఇంజిన్లు తర్వాత.

నీ బావమరిది